ఒంటి పాట



నేను ధర్మపురి వాస్తవ్యుడను. చాలకాలము బడిలో పిల్లలకు శతకములును వ్యాకరణమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. యతిప్రాసలు లేనిది పద్యము కాదనియు, రాగతాళములు కుదురనిది పాట కాదనియు నా నిశ్చయము. ఆ నిశ్చయమువలన నా యింట నొక చిన్న అపరాధము జరిగినది. దానిని మీతో చెప్పుకొనుటకే నేటి ప్రసంగము.

పట్నమున చదువుచున్న నా మనుమడు స్నేహితులతో గూడి, గిటారు, డ్రమ్ములు వాయించుచు నొక పాట కట్టినాడు. సంక్రాంతికి వచ్చి, "తాతా, మా సింగిల్ విడుదల చేస్తున్నం, ఒక్కసారి వినవా?" అని యడిగినాడు. ఒక్క చరణమైనను పూర్తిగా వినక, "ఇది రొద గాని పాట కాదురా" అంటిని. వాడు మారుమాటాడక గోదావరి గట్టునకు పోయినాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మరునాడు నేనే పిలిచి, సింగిల్ అనగా నేమని యడిగితిని.

పాటల సంపుటముతో గాక, యొంటిగా లోకములోనికి పంపెడి పాటయే సింగిల్. పూర్వపు గ్రామఫోను రికార్డు తలచుకొనుడు. లక్కతో చేసిన యా పదియంగుళముల పళ్ళెము నిమిషమునకు 78 చుట్లు తిరిగెడిది. ఒక్కొక్క ప్రక్కను రమారమి మూడు నిమిషముల పాట పట్టెడిది. 1949లో అమెరికాలో ఆర్.సి.ఎ. విక్టర్ వారు 45 చుట్ల చిన్న పళ్ళెము తెచ్చిరి. పళ్ళెములు మూలబడినను పాటకు మూడు నాలుగు నిమిషములను కొలత నేటికిని పోలేదు.

మనుమడు మెచ్చెడి మార్గమునకు ఆల్టర్నేటివ్ రాక్ అని పేరట. అమెరికాలో ఆబర్డీన్ అను చిన్న పట్టణమున బుట్టిన కర్ట్ కొబేన్, తన నిర్వాణ బృందముతో 1991 సెప్టెంబరు 10వ తేదీన 'స్మెల్స్ లైక్ టీన్ స్పిరిట్' అను నొంటి పాటను విడుదల చేసెను. స్నేహితురాలు గోడమీద వ్రాసిన మాటనుండి యా పేరు పుట్టినది. అది చెమట వాసన పోగొట్టు నొక పరిమళద్రవ్యపు పేరని యతడప్పు డెరుగడు! ఆ పాట యంతగా వ్యాపించునని ప్రచురించినవారును తలపలేదు. 1992 జనవరికి వారి సంపుటము అమెరికాలో ప్రథమస్థానము నందెను.

ఇది విని నాకు మన కథయే స్మరణకు వచ్చినది. శంకరంబాడి సుందరాచారిగారు 'మా తెలుగు తల్లికి' అను గీతమును 1942 నాటి 'దీనబంధు' చిత్రముకొరకు వ్రాసిరి. చిత్రమున దానికి చోటు దొరకలేదు. టంగుటూరి సూర్యకుమారి పాడగా గ్రామఫోను రికార్డై యింటింట వినబడెను. పిదప ఆంధ్రప్రదేశ్ రాష్ట్రగీతమాయెను. అట్లే, బడిచదువు లేని అందెశ్రీ వ్రాసిన 'జయ జయహే తెలంగాణ' 2024 జూన్ 2వ తేదీన మన రాష్ట్రగీతమైనది. చిత్రము వలదన్నదానిని జనము కావలెనన్నది. బడి ఎరుగనివానిని రాష్ట్రము తలకెత్తుకొన్నది. ఇక రెండు నిమిషములైనను వినని నా తీర్పున కేమి విలువ?

నాడు సాయంకాలము మనుమని పాట మొదటినుండి తుదివరకు వింటిని. వేసవిలో గోదావరి యెండి, యిసుక తేలుటను గూర్చి వాడు పాడినాడు. రొద యున్నది; దాని నడుమ దుఃఖమును ఉన్నది. 'నీళ్ళు' అనవలసినచోట 'నీల్లు' అని పలికినాడు. అది చెప్పితిని. వాడు నవ్వి దిద్దుకొని మరల పాడినాడు.

అయ్యలారా, పిల్లలను దిద్దుట పెద్దల ధర్మమే. కాని పూర్తిగా వినినవానికే దిద్దుట కధికారము. మొదట వినుడు, పిదప దిద్దుడు. సెలవు.