కరువులో వడ్డీ: నెహెమ్యా పెట్టించిన పంచాయితీ

(అనంతపురం జిల్లా పల్లెలో కూలీల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఆదివారం చర్చికి పోతాం. డబ్బు సంగతి వస్తే రెండే మాటలు వింటాం. దశమభాగం ఎగ్గొట్టొద్దు, అప్పు చేయొద్దు. అప్పు చేసినోడు అప్పిచ్చినోనికి బానిస అని సామెతల గ్రంథం 22వ అధ్యాయంలో ఉంది, కాదనం. అయితే తప్పెవరిది? బానిస అయినోనిదా, బానిసను చేసినోనిదా?

మన బతుకు చూడండి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. సెనక్కాయ విత్తనానికి అప్పు. ఊడలు దిగే వేళకు వాన ఎత్తిపోతే తిండికి మళ్ళీ అప్పు. బెంగుళూరు బస్సు చార్జీకీ అప్పే. నూటికి మూడంటే ఏడాదికి ముప్పై ఆరు, ఐదంటే అరవై. తాగుడుకు చేసిన అప్పులు లేవని మేం అనం. కానీ వాన రాకపోవడం ఎవరి పాపం?

ఇప్పుడు బైబిలు తీసి నెహెమ్యా గ్రంథం ఐదో అధ్యాయం చూడండి. దాదాపు 2,450 ఏళ్ళ కిందటి యెరూషలేము. అక్కడా కరువే. ఆడోళ్ళు, మగోళ్ళు కలిసి మొరపెట్టారు. ధాన్యం కోసం చేలు, ద్రాక్షతోటలు, ఇండ్లు కుదవ పెట్టినామన్నారు. రాజు పన్ను కట్టడానికి అప్పు తెచ్చినామన్నారు. కొడుకులను, కూతుళ్ళను జీతానికి పెట్టాల్సి వచ్చిందన్నారు. అప్పిచ్చినోళ్ళు పరాయివాళ్ళు కాదు, సొంత జాతివాళ్ళే.

నెహెమ్యా అక్కడి అధికారి. ఆయన అప్పులోళ్ళను కూర్చోబెట్టి పొదుపు పాఠం చెప్పలేదు. పెద్దలను, అధికారులను నిలదీశాడు. మహాసభ పెట్టించాడు. చేలు, తోటలు, ఇండ్లు ఆ దినమే తిరిగి ఇయ్యమన్నాడు. వసూలు చేసిన నూరవ వంతు కూడా ఇచ్చేయమన్నాడు. అది నెల వడ్డీ అని చాలామంది పండితులు చెబుతారు. అంటే మన లెక్కలో నూటికి రూపాయి! నూటికి రూపాయికే అంత మండిపడితే, నూటికి ఐదును ఏమనాలి? యాజకులను పిలిపించి పెద్దలతో ప్రమాణం కూడా చేయించాడు.

ఇదొక్కటే కాదు. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం చూడండి. తిరగలిని కుదవ పట్టకూడదు. పేదోని దుప్పటిని పొద్దుగూకేసరికి తిరిగి ఇయ్యాలి. కూలి ఆ పొద్దే ఇయ్యాలి. 15వ అధ్యాయం ఏడేళ్ళకోసారి అప్పు విడిచిపెట్టమంటుంది. ఈ ఆజ్ఞలన్నీ ఉన్నోనికే. దశమభాగం సంగతీ వినండి. మూడేళ్ళకోసారి దాన్ని ఊర్లోనే ఉంచాలని, భూమి లేని లేవీయులు, పరదేశులు, అనాథలు, మొగుడు లేని ఆడోళ్ళు దాన్ని కడుపునిండా తినాలని 14వ అధ్యాయం చెబుతుంది. ఇయ్యమని అడిగే నోరు ఈ మాట కూడా చెప్పాల గదా!

మన తప్పు కూడా మనం ఒప్పుకోవాల. నేనూ, నావాళ్ళూ అప్పులిచ్చినాం, ఇక వడ్డీ మానుకుందామని నెహెమ్యా సభలోనే ఒప్పుకున్నాడు. మన పల్లెల్లోనూ పొదుపు సంఘంలో తక్కువ వడ్డీకి తీసుకొని, పక్కింటామెకు నూటికి మూడుకు తిప్పేవాళ్ళున్నారు. మన చేతిలోని వడ్డీ వదలకుండా ఊరి షావుకారిని నిలదీస్తే మన మాట ఎవరు నమ్ముతారు?

ప్రమాణాలతోనే పని కాదు. బాబాసాహెబ్ ముందుండి రాసిన రాజ్యాంగం 23వ అధికరణంలో వెట్టిని నిషేధించింది. 1976 వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం మనిషిని జీతానికి కట్టేసిన అప్పు రద్దయినట్టే. దానికింద కుదవ పట్టిన ఆస్తిని తిరిగి ఇయ్యాల్సిందే. అర్జీ కలెక్టరుకో, ఆర్డీవోకో పెట్టాల. ఒక్కరు పోతే బెదిరిస్తారు, పల్లె మొత్తం పోతే వింటారు.

అందుకని ఐదు పనులు చేద్దాం. నెహెమ్యా ఐదో అధ్యాయం మీద ఒక ఆదివారం ప్రసంగం చెప్పమని పాస్టరుగారిని మర్యాదగా అడుగుదాం. ఖాళీ ప్రాంసరీ నోటు మీద వేలిముద్ర వేయొద్దు. కట్టిన ప్రతి రూపాయికీ చీటీ అడుగుదాం. ఎవరి పట్టా పుస్తకం, జాబ్ కార్డు, ఏటీఎం కార్డు ఎవరి దగ్గర కుదవ ఉందో సంఘంలో రాసిపెడదాం. మనలో వడ్డీకి తిప్పేవాళ్ళు ముందుగా సభలో లేచి మానేస్తున్నామని చెప్పాల.

యెరూషలేములో మొర పెట్టినోళ్ళు ఇంట్లో కూర్చొని ఏడవలేదు. గుంపుగా వచ్చి గట్టిగా అడిగినారు. మనమూ అట్లే అడుగుదాం.