మన పొలానికి ఏ రంగు?
(ప్రసంగ పాఠం)



ప్రాంతీయ ప్రణాళికల్లో ప్రజల భాగస్వామ్యం గురించి మాట్లాడమని నిర్వాహకులు నన్ను ఆదేశించారు. పేరు వినగానే ఇది అధికారుల సెమినార్లలో నలగవలసిన విషయమని మీకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. నేను వృత్తిరీత్యా సివిల్ ఇంజనీరును. ఇరవై ఏళ్ళకు పైగా ఈ దేశంలో ఇతరులు గీసిన ప్లాన్లు చూసి పని చేయించడమే నా ఉద్యోగం. ఆ ప్లాను కింద ఉన్న మనిషి గురించి నన్ను ఆలోచింపజేసింది ఒక కూలీ సోదరుడు.

2023 జనవరిలో ఒక ఆదివారం సోనాపూర్ క్యాంపుకు వెళ్ళాను. కామారెడ్డి దగ్గరి పల్లెకు చెందిన ఒకాయన తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. అందులో వాట్సాప్‌లో వచ్చిన ఒక మ్యాపు ఉంది. దాని నిండా పసుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. "సార్, మీరు ఇంజనీరు గదా, మా పొలం ఏ రంగుల పడ్డదో జర చూడుండ్రి" అన్నాడు. ఎంత పెద్దది చేసి చూసినా సర్వే నంబర్లు కనబడలేదు. పదిహేనేళ్ళు ఇక్కడ కష్టపడి, అప్పులు తీర్చి, మిగిల్చి కొనుక్కున్న రెండెకరాలు అవి. వాటి భవిష్యత్తు ఆ రంగులో ఉంది. ఆ రంగేమిటో ఆయనకు తెలియదు, చదువుకున్న నేనూ చెప్పలేకపోయాను.

ఆ రోజుల్లో కామారెడ్డిలో జరిగినది మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. మున్సిపాలిటీ ముసాయిదా మాస్టర్ ప్లాన్ ప్రకటించింది. పట్టణంలో కలిసిన చుట్టుపక్కల గ్రామాల సాగుభూములను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపారని, పొలాల మీదుగా వెడల్పాటి రోడ్లు గీశారని రైతులు ఆందోళనకు దిగారు. ఒక రైతు ఆత్మహత్య చేసుకున్నారు. ప్లాన్ దిగులే దానికి కారణమని కుటుంబం చెప్పింది. జనవరి 5న వేలాది రైతులు కలెక్టరేట్ ముందు బైఠాయించారు. అభ్యంతరాలకు గడువు జనవరి 11. చివరకు జనవరి 20న మున్సిపల్ కౌన్సిల్ సమావేశమై ఆ ముసాయిదాను వెనక్కి తీసుకుంటూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో అదే తీరున ఆందోళన జరిగింది, అదే తీరున ముసాయిదా వెనక్కి పోయింది.

కామారెడ్డి, జగిత్యాల ఎటువంటి ప్రాంతాలు? ఇంటికొక మనిషి గల్ఫ్‌లో ఉన్నాడనిపించే ప్రాంతాలు. అంటే ఆ మ్యాపులో రంగు మారిన పొలాల యజమానులు ఎందరో ఆ సమయంలో దుబాయిలో, షార్జాలో, మస్కట్‌లో, దోహాలో డ్యూటీలో ఉన్నారు. నోటీసు మున్సిపల్ ఆఫీసు గోడ మీద అంటిస్తారు, పత్రికలో ఒక మూల వేస్తారు. చట్టం ప్రకారం అందరికీ తెలియజేసినట్టే. క్యాంపులో ఉన్న మనిషికి మాత్రం గొడవ జరిగిన తర్వాతే తెలుస్తుంది.

ఇక్కడ ఒక సూక్ష్మం గమనించాలి. ప్రభుత్వం భూమి సేకరించాలంటే 2013 నాటి భూసేకరణ చట్టం ఉంది. సామాజిక ప్రభావ అంచనా, బహిరంగ విచారణ, పరిహారం, పునరావాసం అన్నీ అందులో రాసి ఉన్నాయి. మాస్టర్ ప్లాన్ మాత్రం భూమిని తీసుకోదు. పట్టా మీ పేరే ఉంటుంది, పాస్ పుస్తకం మీ పెట్టెలోనే ఉంటుంది. ఆ భూమిలో ఏమి చేయవచ్చో, ఏమి చేయకూడదో మాత్రం మారిపోతుంది. ఇల్లు కట్టుకోవడానికి అనుమతి వస్తుందా, అమ్మితే ఎవరైనా కొంటారా, బిడ్డ పెళ్ళికి బ్యాంకు అప్పు ఇస్తుందా అన్నవన్నీ ఆ రంగును బట్టే ఉంటాయి. అందుకే అభ్యంతరాల గడువు అన్నది చిన్న తలుపే అయినా, సామాన్యుడికి ఉన్నది దాదాపు ఆ ఒక్క తలుపే.

ఇంగ్లీషులో స్టేక్‌హోల్డర్ అంటారు. దాన్ని మనం భాగస్వామి అనో, వాటాదారు అనో తెలుగు చేసుకున్నాం. వాటాదారు అంటే లాభంలో పాలు ఉన్నవాడని మనకు స్ఫురిస్తుంది. నా ఉద్దేశంలో అసలు అర్థం వేరు. నిర్ణయం తప్పయితే నష్టపోయేవాడే స్టేక్‌హోల్డర్. ఈ కొలతతో చూస్తే కన్సల్టెంటు, కాంట్రాక్టరు, నావంటి ఇంజనీరు వెనక వరుసలోకి పోతారు. పొలం గట్టు మీద ఉన్నవాడు ముందు వరుసలోకి వస్తాడు.

మనం నివసిస్తున్న ఈ దేశం ప్రణాళికలతో ఎదిగిన దేశం. దుబాయికి తొలి మాస్టర్ ప్లాన్ 1960లో జాన్ హారిస్ అనే బ్రిటిష్ ఆర్కిటెక్ట్ తయారుచేశాడు. 2021లో ప్రకటించిన దుబాయి 2040 ప్లాన్, నగర జనాభా 33 లక్షల నుండి 58 లక్షలకు పెరుగుతుందని లెక్కకట్టింది. అందులో 55 శాతం మంది ముఖ్యమైన ప్రజారవాణా స్టేషనుకు 800 మీటర్ల లోపల ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ ప్లానుల ఫలం మనమందరం అనుభవిస్తున్నాం. అయితే ఇక్కడ మనం అతిథులం, పౌరులం కాము. ఇక్కడివారికి తమ మాట పాలకుల చెవిన వేయడానికి మజ్లిస్ అనే సంప్రదాయం ఉంది. 2015లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మన రచ్చబండకు అది దగ్గరి చుట్టం. అతిథిగా ఇక్కడ మనకు ఓటు లేకపోవడంలో వింత లేదు. సొంత ఊరి విషయంలో కూడా మాట లేకుండా పోవడమే బాధ. రెండు చోట్లా కష్టం మనదే, రెండు చోట్లా ప్లాను గీసేది ఇంకొకరే.

ఇక అమరావతి సంగతి. 2015లో మొదలైన ల్యాండ్ పూలింగ్‌లో రైతులు సుమారు 34 వేల ఎకరాలు ఇచ్చారు. బలవంతపు సేకరణ కాకుండా అంగీకారంతో ఇంత భూమి రావడం ఒక విశేషమే. భూమి లేని కూలీ కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను పెట్టారు. కానీ కౌలు రైతు దగ్గర సంతకం తీసుకోవలసిన కాగితమే లేదు. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు, భూములిచ్చినవారిని అడిగినవారూ లేరు. 2022 మార్చి 3న హైకోర్టు తీర్పు, 2024లో ప్రభుత్వం మారాక తిరిగి పనులు మొదలవడం మీకు తెలిసినవే. ఏ పార్టీ పక్షమూ వహించకుండా నేను చెప్పదలచినది ఒక్కటే. సంతకం వేరు, భాగస్వామ్యం వేరు. సంతకం ఒక్కరోజు పని. భాగస్వామ్యం ప్లాను అమలయ్యేదాకా ఉండవలసినది.

1969లో షెర్రీ ఆర్న్‌స్టైన్ అనే అమెరికన్ రచయిత్రి ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వర్ణించారు. అడుగు మెట్ల మీద జనాన్ని మభ్యపెట్టడం, మధ్య మెట్ల మీద తెలియజేయడం, అభిప్రాయం అడగడం, పై మెట్ల మీద అధికారం పంచుకోవడం. మన అభ్యంతరాల పెట్టె మధ్య మెట్టు దగ్గరే ఆగిపోతుంది. అర్జీ తీసుకుంటారు, ఏమైందో చెప్పరు. మన రాజ్యాంగం ఇంకాస్త పైకే చూసింది. 74వ సవరణ జిల్లా ప్రణాళికా కమిటీ ఉండాలనీ, అందులో ఐదింట నాలుగు వంతుల మంది స్థానిక సంస్థల సభ్యులు తమలోనుంచి ఎన్నుకున్నవారై ఉండాలనీ చెప్పింది. ఆ కమిటీలు గట్టిగా పనిచేస్తే ఇంత దూరం రాదు.

పొరుగున కేరళను చూడండి. 1996లో ప్రజా ప్రణాళిక ఉద్యమం మొదలుపెట్టి, రాష్ట్ర ప్రణాళికా నిధుల్లో 35 నుండి 40 శాతం స్థానిక సంస్థలకు ఇచ్చి, గ్రామసభల్లో అవసరాలు రాయించారు. 2018లో లోక కేరళ సభ పెట్టి ప్రవాసులకు శాసనసభ్యుల పక్కన కూర్చునే చోటు ఇచ్చారు. అన్నీ సక్రమంగా నడిచాయని కాదు. దూరాన ఉన్నవాడు కూడా ఊరివాడేనని ఒప్పుకున్నారు, అది ముఖ్యం.

మరి మన సంఘాలు ఏం చేయగలవు? మూడు చిన్న పనులు మీ ముందుంచుతున్నాను. ఒకటి, జిల్లాకొక చిన్న బృందం ఏర్పడి, తమ ప్రాంతంలో ముసాయిదా ప్లాన్ వచ్చిన వారంలోపు దాన్ని తెలుగులో, గ్రామం పేరుతో, సర్వే నంబర్లతో విడమరచి క్యాంపులకు చేర్చడం. రెండు, అర్జీ రాయడం రాని సోదరులకు రాసిపెట్టి, గడువులోపు పంపించి, అందినట్టు రసీదు తెప్పించడం. ఊళ్ళో తమ తరఫున నిలబడే నమ్మకమైన మనిషిని ముందే నిర్ణయించుకోమని, అవసరమైతే కాన్సులేట్‌లో పవర్ ఆఫ్ అటార్నీ చేయించుకోమని చెప్పడం. మూడు, ప్రతి అర్జీకి కారణాలతో కూడిన లిఖితపూర్వక జవాబు ఇవ్వాలని రెండు రాష్ట్ర ప్రభుత్వాలనూ ఈ సభ ద్వారా కోరడం.

చివరగా మనకు మనం చెప్పుకోవలసిన మాట ఒకటుంది, కాస్త చేదుగా ఉంటుంది, మన్నించండి. మనలో ఊళ్ళో భూమి దున్నుకునే కుటుంబాల వాళ్ళున్నారు, రింగ్ రోడ్డు పక్కన ప్లాట్లు కొని ధర పెరగాలని ఎదురుచూసేవాళ్ళూ ఉన్నారు. నేను రెండో కోవకూ చెందుతాను. ప్రవాసుల గొంతు అంటూ మనం మాట్లాడినప్పుడు ఆ గొంతు ఎవరిది? కన్వెన్షన్ హాలుకు టికెట్ కొనుక్కుని వచ్చినవాడిదేనా, డ్యూటీ వల్ల రాలేకపోయినవాడిది కూడానా? అది తేల్చుకోకుండా భాగస్వామ్యం అడిగితే, అక్కడ మనకు జరిగిన అన్యాయాన్నే ఇక్కడ మనం ఇంకొకరికి చేసినట్టవుతుంది.

ముసాయిదా వెనక్కి పోయిందని తెలిశాక ఆ సోదరుడికి ఫోన్ చేశాను. సంతోషించాడు. కాసేపాగి అడిగాడు: "మళ్ళొకసారి ప్లాన్ వేస్తరు గదా సార్. అప్పుడు మాకు ముందుగాల ఎట్ల తెలుస్తది?"

నా దగ్గర జవాబు లేదు. ఈ హాల్లో ఇంతమందిమి ఉన్నాం కనుక, ఆ ప్రశ్నను మీకు అప్పగించి సెలవు తీసుకుంటున్నాను.