పాతజీపు వెనుకటి మ్రోఁత

మన బత్తలపల్లి తోటదారులలోఁ దిరుగు పాత జీపు, బయలుదేరునప్పుడును వెనుకకు నడుపునప్పుడును వెనుకవైపున ‘ఠంగు’మని మ్రోగినచో వెంటనే డిఫరెన్షియలు విప్పింపకుఁడు. నిదానము చేయక మందిచ్చు వైద్యుఁడుండునా?

బండిని సమతలమున నిలిపి, ఇంజనార్పి, చక్రములకు ముందువెనుకల రాళ్లుంచి, గేరు న్యూట్రలునందుంచి, చేతిబ్రేకు వదలుఁడు. పిమ్మట వెనుక షాఫ్టు నొకచేతను, అది తగులుకొన్న యోకు నొకచేతను బట్టి యెదురెదురుగాఁ ద్రిప్పుఁడు. నడుమ సందు కదలినచోఁ గ్రాసు అరిగినదని యెఱుఁగవలెను. క్రాసులు రెండును బిగువుగానుండి షాఫ్టంతయు మిక్కిలిగాఁ గదలాడినచో దోషమును డిఫరెన్షియలులో వెదుకవలెను. అచటఁ గొంచెము సందు సహజమే.

విల్లీసు నమూనా పాత మహీంద్రా జీపులలోఁ జేతిబ్రేకు ఈ వెనుక షాఫ్టు మూలముననే చక్రములను బట్టును. క్రాసు విఱిగిన నది పట్టదు. వాలుననున్న బండి జాఱును. కావున మ్రోఁత విన్నదినముననే పరీక్షింపుఁడు.