పద్నాలుగు వారాల పరీక్ష
(ప్రసంగ పాఠం)



ఫుట్‌బాల్ ఆట తొంభై నిమిషాలలో ముగుస్తుంది. గెలుపు ఎవరిదో, ఓటమి ఎవరిదో అంతలోనే తేలిపోతుంది. కాని క్రీడాకారిణి జీవితానికి తొంభై నిమిషాలు చాలవు. ఏడాదిలో ఆమె ఎన్ని మ్యాచ్‌లు ఆడగలదు, ఎన్ని వారాలు శిక్షణలో ఉండగలదు, ఆ శ్రమకు తగిన వేతనం లభిస్తుందా అన్న ప్రశ్నలే ఆమె భవిష్యత్తును నిర్ణయిస్తాయి. మన దేశపు మహిళా ఫుట్‌బాల్ లీగ్‌ను, విశేషించి 2024–25 నాటి పోటీలను, ఈ దృష్టితో పరిశీలించడం ఉచితం.

భారత మహిళలకు ఫుట్‌బాల్ కొత్త ఆట కాదు. 1975లోనే మహిళా ఫుట్‌బాల్ సమాఖ్య ఏర్పడి, జాతీయ పోటీలు మొదలయ్యాయి. 1980లో కాలికట్ నగరంలో జరిగిన ఆసియా మహిళా పోటీలలో భారత జట్టు ఫైనల్‌కు చేరింది. 1983లో బ్యాంకాక్‌లో మళ్ళీ ఫైనల్ ఆడింది. ఆ ఏటి అర్జున పురస్కారాన్ని శాంతి మల్లిక్ పొందారు. ఫుట్‌బాల్‌లో ఆ గౌరవం అందుకొన్న తొలి మహిళ ఆమెయే. ఇంత చక్కని ప్రారంభం ఉన్నప్పటికీ, తరువాతి దశాబ్దాలలో ఆట అంతగా ముందుకు సాగలేదు. ప్రతిభకు లోటు లేదు. లోపించినది క్రమం తప్పకుండా ఆడే అవకాశం. రాష్ట్ర జట్టులో చోటు దొరికిన యువతి ఏడాదికొకసారి జాతీయ పోటీలలో కొద్ది రోజులు ఆడి, మిగిలిన కాలమంతా నిరీక్షణలో గడపవలసి వచ్చేది.

ఈ లోటును తీర్చే ఉద్దేశంతో ఇండియన్ విమెన్స్ లీగ్ ఆరంభమయింది. తొలి లీగ్ తుది దశ 2017లో జనవరి 28 నుండి ఫిబ్రవరి 14 వరకు ఢిల్లీలో జరిగింది. జట్లు ఆరు, నగరం ఒకటి, వ్యవధి 18 రోజులు. మణిపూర్‌కు చెందిన ఈస్టర్న్ స్పోర్టింగ్ యూనియన్ 3–0 గోల్స్ తేడాతో ఒడిశాకు చెందిన రైజింగ్ స్టూడెంట్స్ క్లబ్‌ను ఓడించి తొలి విజేత అయింది. తరువాత ఈ పోటీలు షిల్లాంగ్, లూధియానా, బెంగళూరు, భువనేశ్వర్, అహ్మదాబాదు నగరాలలో జరిగాయి. కరోనా వ్యాధి కారణంగా 2020–21లో అసలు జరుగనే లేదు. అన్ని జట్లూ ఒక నగరానికి చేరి, రోజు విడిచి రోజు ఆడి, ఎవరి ఊళ్ళకు వారు తిరిగిపోయే పద్ధతే చాలాకాలం కొనసాగింది. గాయపడిన క్రీడాకారిణి కోలుకొనేలోగా పోటీలే ముగిసిపోయేవి. ఆమె సొంత ఊరివారు ఆమె ఆటను చూచే అవకాశమే ఉండేది కాదు.

ఈ పద్ధతి 2023–24లో మారింది. ప్రతి జట్టు మిగిలిన ప్రతి జట్టుతోను ఒకసారి సొంత మైదానంలో, ఒకసారి ఎదుటివారి మైదానంలో ఆడే విధానం అమలులోకి వచ్చింది. ఆ ఏడు ఏడు జట్లు పాల్గొనగా ఒడిశా ఎఫ్.సి. విజేత అయింది. మరుసటి సీజన్‌లో జట్లు ఎనిమిది అయ్యాయి. కోల్‌కతా నుండి ఈస్ట్ బెంగాల్, శ్రీభూమి. ఒడిశా నుండి ఒడిశా ఎఫ్.సి., నీతా అకాడమీ. కేరళ నుండి గోకులం. తమిళనాడు నుండి సేతు. బెంగళూరు నుండి కిక్‌స్టార్ట్. ఢిల్లీ నుండి హాప్స్ జట్లు పోటీపడ్డాయి. ఒక్కొక్క జట్టుకు 14 మ్యాచ్‌లు, మొత్తం 56 మ్యాచ్‌లు. 2025 జనవరి 10న మొదలైన పోటీలు ఏప్రిల్ 18న ముగిశాయి. 18 రోజుల పోటీ 14 వారాల పరీక్షగా మారింది.

ఇంత దీర్ఘమైన పరీక్షలో ఒక్కనాటి అదృష్టం ఎవరినీ గట్టెక్కించదు. ప్రయాణాల అలసట, వేసవి ఎండ, గాయాలు, పరుల మైదానంలో పరుల ప్రేక్షకుల నడుమ ఆడడం, వీటన్నిటికీ తట్టుకొని నిలిచినవారే ముందుంటారు. దీనికి నిదర్శనం ఒడిశా ఎఫ్.సి. అనుభవం. 2024లో కిరీటం ధరించిన ఆ జట్టు, 2025 సీజన్ ముగిసేసరికి పట్టికలో చివరి రెండు స్థానాలలో ఒకదానికి జారి, రెండవ శ్రేణికి దిగిపోయింది.

ఆ కిరీటం చేతులు మారిన తీరు తెలుగువారికి మరింత ఆసక్తికరం. 2025 ఏప్రిల్ 11న పశ్చిమ బెంగాల్‌లోని కల్యాణి మైదానంలో ఈస్ట్ బెంగాల్, ఒడిశా ఎఫ్.సి. తలపడ్డాయి. గెలిస్తే, లీగ్ ముగియకముందే ఈస్ట్ బెంగాల్‌కు విజేత స్థానం ఖాయం. మొదటి అర్ధభాగంలో గోల్ పడలేదు. రెండవ అర్ధభాగంలో పడిన ఒకే ఒక గోల్ ఫలితాన్ని తేల్చింది. ఆ గోల్ చేసినది తెలంగాణలోని నిజామాబాద్ జిల్లాకు చెందిన గుగులోత్ సౌమ్య. 1920లో స్థాపితమైన ఆ ప్రఖ్యాత క్లబ్బుకు 2004 తరువాత జాతీయ లీగ్ విజయం లభించడం అదే మొదటిసారి. రెండు దశాబ్దాల నిరీక్షణకు మహిళల జట్టు తెరదించింది. 2024–25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణిగా ఎన్నుకొన్నది కూడ సౌమ్యనే.

సౌమ్య ఆట సాగిన దారిని గమనించాలి. ఆమె కేరళలో గోకులం జట్టుకు ఆడింది. 2022లో మధ్యప్రదేశ్‌కు చెందిన జ్యోతి చౌహాన్‌తో కలిసి క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. ఆపైన బెంగాల్‌కు వచ్చింది. నిజామాబాద్ బిడ్డ కోల్‌కతా క్లబ్బుకు గోల్ చేస్తే, అదే జట్టులో గోల్ కాచినది మణిపూర్‌కు చెందిన పంథోయి చాను. భాషలు వేరు, ఆహారపుటలవాట్లు వేరు. అయినా నెలల తరబడి ఒకే వసతిగృహంలో ఉంటూ, ఒకే మైదానంలో చెమటోడ్చినప్పుడు ఒకరి పిలుపు మరొకరికి అర్థమవుతుంది. జాతీయ సమైక్యత ఉపన్యాసాల వల్ల కంటె ఇటువంటి సహజీవనం వల్ల ఎక్కువగా పెంపొందుతుంది.

ఈ సహజీవనం దేశపు ఎల్లలు కూడ దాటింది. బంగ్లాదేశ్ జట్టు అప్పటి నాయకురాలు సబీనా ఖాతూన్ 2018లో సేతు జట్టుకు ఆడింది. నేపాల్‌కు చెందిన సబిత్రా భండారీ సేతు, గోకులం జట్లలో గోల్స్ వర్షం కురిపించింది. బంగ్లాదేశ్‌కు చెందిన సంజీదా అఖ్తర్ 2024లో ఈస్ట్ బెంగాల్ దుస్తులు ధరించింది. తూర్పు బెంగాల్ పేరు పెట్టుకొన్న క్లబ్బులో ఆ నేలపై పుట్టిన యువతి ఆడడం ఎంతో సముచితం.

దీర్ఘమైన లీగ్ వల్ల కలిగే మేలు జాతీయ జట్టులో కూడ కనిపించింది. 2025 జులై 5న చియాంగ్‌మై నగరంలో భారత జట్టు 2–1 గోల్స్‌తో థాయిలాండ్‌ను ఓడించి, 2026 ఆసియా కప్పుకు అర్హత సంపాదించింది. అర్హత పోటీలలో నెగ్గి ఆ స్థానం పొందడం భారత మహిళలకు అదే ప్రథమం. రెండు గోల్స్ చేసినది ఈస్ట్ బెంగాల్ క్రీడాకారిణి సంగీతా బాస్‌ఫోర్. అదే ఏడాది నవంబరులో చైనాలోని వూహాన్ నగరంలో జరిగిన ఆసియా మహిళా క్లబ్బుల పోటీలలో ఈస్ట్ బెంగాల్ ఇరాన్ జట్టు బామ్ ఖాతూన్‌ను 3–1తో ఓడించింది. ఈ ఘనతంతా లీగ్‌దే అనడం అతిశయోక్తి. అయితే వారాల తరబడి పోటీలలో రాటుదేలిన కాళ్ళు పెద్ద పరీక్షలో తడబడవని అంగీకరించవలసిందే.

లోపాలు లేకపోలేదు. 2024–25లో అత్యధికంగా 24 గోల్స్ చేసినది ఉగాండాకు చెందిన గోకులం క్రీడాకారిణి ఫజీలా ఇక్వాపుట్. విదేశీయుల రాక వల్ల ఆట ప్రమాణం పెరుగుతుంది. కాని గోల్ చేసే బాధ్యత మన యువతులు కూడ చేపట్టాలి. వేతనం మరొక సమస్య. ప్రతి క్లబ్బు కనీసం పదిమంది భారత క్రీడాకారిణులకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గని ఒప్పందం ఇవ్వాలని 2023లో సమాఖ్య నిర్ణయించింది. ఆట జీవనాధారం కాగలదన్న నమ్మకం కలిగితేనే తల్లిదండ్రులు కుమార్తెను మైదానానికి పంపుతారు.

ఆ ఎనిమిది జట్లలో ఆంధ్రప్రదేశ్ నుండి గాని, తెలంగాణ నుండి గాని ఒక్కటి కూడ లేదు. సౌమ్య వంటి క్రీడాకారిణి తన ఆటను కోళికోడ్‌లోనో, కోల్‌కతాలోనో చూపవలసి వచ్చింది. తెలుగు నగరాలలో ఒక్క క్లబ్బు ఏర్పడినా, ఎనిమిది జట్ల ఆ విధానంలో ఏటా ఏడుసార్లు దేశంలోని ఉత్తమ క్రీడాకారిణులు ఇక్కడికి వచ్చి ఆడుతారు. అది చూచిన బాలికలలో కొందరైనా బంతిని కోరుకుంటారు. అందుకే ఖర్చు తగ్గించే పేరుతో లీగ్‌ను మళ్ళీ ఒకే నగరానికి, కొద్ది రోజులకు కుదించడం ఎప్పటికీ మేలు చేయదు. ఆదా అయ్యేది రైలు ఛార్జీలు. కోల్పోయేది ఒక తరం క్రీడాకారిణులు.

మీ పాఠశాలలలో, కళాశాలలలో ఆటల గంట ఉంది. ఆ గంటలో బాలికలకు కూడ మైదానం దక్కుతున్నదో లేదో చూడవలసిన బాధ్యత మీ అందరిది. పద్నాలుగు వారాల లీగ్‌కు కావలసిన కాళ్ళు అక్కడే తయారవుతాయి.