లాభం, బాధ్యత: వీటిలో ఏది ముందు?



ఒక సంస్థ తన కార్మికులు, వినియోగదారులు, చుట్టుపక్కల ప్రజలు, పర్యావరణం పట్ల చట్టం విధించిన కనీస విధులకు మించి చేపట్టే పనిని కార్పొరేట్ సామాజిక బాధ్యత అని, వాడుకలో సీఎస్ఆర్ అని అంటారు. ఆ పని సంస్థకు లాభం తెస్తుందా, లేక వాటాదారుల సొమ్మును కరిగిస్తుందా అన్న ప్రశ్నకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో అధికభాగం లాభనష్టాల వాదంతోనే గడిచిపోగా, రెండింటిలో ఏది కారణం, ఏది ఫలితం అన్న విచారణ చాలా ఆలస్యంగా మొదలైంది.

1914 జనవరిలో అమెరికాలోని ఫోర్డ్ మోటార్ కంపెనీ రోజు వేతనాన్ని దాదాపు రెట్టింపు చేసి అయిదు డాలర్లుగా ప్రకటించి, పనివేళను తొమ్మిది గంటల నుంచి ఎనిమిదికి తగ్గించింది. పైకి ఔదార్యంగా కనిపించే ఈ నిర్ణయం వెనుక గట్టి అవసరమే ఉంది. ఒకే పనిని రోజంతా యంత్రంలా చేయలేక కార్మికులు మానేసి పోతుండటంతో, 1913లో అక్కడి కార్మికుల రాకపోకల రేటు 370 శాతానికి చేరింది. అంటే వంద కొలువులు నిండుగా ఉంచడానికి ఏడాదిలో సుమారు 370 మందిని కొత్తగా చేర్చుకోవలసి వచ్చేది. పెంచిన వేతనం షరతులు లేకుండా చేతికందలేదు. కంపెనీ ఉద్యోగులు కార్మికుల ఇళ్లకు వెళ్లి ఇల్లు శుభ్రంగా ఉందా, మద్యం అలవాటుందా, పొదుపు చేస్తున్నారా అని విచారించి మరీ అర్హత తేల్చేవారు.

అదే కంపెనీ 1916లో ప్రత్యేక డివిడెండ్లు ఆపి, కారు ధరను 440 డాలర్ల నుంచి 360కి తగ్గించినప్పుడు, పది శాతం వాటా ఉన్న డాడ్జ్ సోదరులు కోర్టుకెక్కారు. వ్యాపార సంస్థ ప్రధానంగా వాటాదారుల లాభం కోసమే ఏర్పడుతుందని 1919లో మిషిగన్ సుప్రీంకోర్టు తేల్చి, 1.9 కోట్ల డాలర్లకు పైగా డివిడెండు పంచమంది. అయితే కర్మాగార విస్తరణను మాత్రం అడ్డుకోలేదు. వ్యాపారం ఎలా నడపాలో న్యాయమూర్తులు చెప్పరాదన్న ఈ రెండో భాగాన్ని తీర్పును ఉదాహరించేవారు తరచుగా వదిలేస్తారు.

1953లో హోవర్డ్ బోవెన్ వ్యాపారి సామాజిక బాధ్యతలపై గ్రంథం రాయడంతో ఈ చర్చ విద్యారంగంలోకి వచ్చింది. 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత లాభాన్ని పెంచుకోవడమేనని వాదించారు. స్థానిక ప్రజల కోసం పెట్టే ఖర్చు దీర్ఘకాలంలో సంస్థకే మేలు చేయవచ్చునని ఒప్పుకుంటూనే, దానికి స్వప్రయోజనమన్న పేరే తగునన్నారు. ఆ తర్వాత వాదాల స్థానంలో గణాంకాలు వచ్చాయి. 1972 నుంచి 2002 వరకు వెలువడిన 127 అధ్యయనాలను మార్గోలిస్, వాల్ష్ సమీక్షించగా, బాధ్యతను కారణంగా తీసుకున్న 109 అధ్యయనాల్లో 54 అనుకూల సంబంధాన్నీ, 7 మాత్రమే ప్రతికూల సంబంధాన్నీ చూపాయి. ఆర్థిక ఫలితమే బాధ్యతకు దారితీస్తుందా అని తిరగేసి అడిగినవి 22 మాత్రమే కాగా, వాటిలో 16 అవుననే చెప్పాయి. చేతిలో మిగులున్న సంస్థే దానధర్మాలు చేయగలదన్న ఈ కోణాన్ని 1997లో వాడక్, గ్రేవ్స్ ముందుకు తెచ్చారు. పరిశోధన, అభివృద్ధి వ్యయాన్ని కూడా లెక్కలోకి తీసుకుంటే అనుకూల సంబంధం మాయమవుతుందని 2000లో మెక్‌విలియమ్స్, సీగల్ చూపారు.

ఇన్ని లెక్కలకూ ఆధారం సంస్థలు ప్రకటించే పద్దులే కదా. 2008లో కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ పురస్కారం పొందిన హైదరాబాదు సంస్థ సత్యం కంప్యూటర్స్, 2009 జనవరి 7న తన ఖాతాల్లోని నగదు నిల్వ 5,040 కోట్ల రూపాయల మేర కల్పితమని అధ్యక్షుడే లేఖలో అంగీకరించడంతో, ఒక్క రోజులో షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా పోగొట్టుకుంది. అంతకుముందు ఏడాది ఆ సంస్థను నమూనాలో చేర్చుకున్న ఏ పరిశోధకుడికైనా సత్ప్రవర్తనా కనిపించేది, లాభమూ కనిపించేది.

కార్యకారణాలను విడదీసి చూసే అరుదైన అవకాశం భారత చట్టం వల్ల కలిగింది. 500 కోట్ల నికర విలువ, 1,000 కోట్ల టర్నోవరు, 5 కోట్ల నికర లాభం, వీటిలో ఏదో ఒకటి దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక కార్యక్రమాలకు వెచ్చించాలని 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను చెబుతుంది. ఇది 2014 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఉద్యోగులకు, వారి కుటుంబాలకు మాత్రమే మేలు చేసే వ్యయం ఇందులోకి రాదు కనుక, ఫోర్డ్ పెంచిన వేతనం ఈ చట్టం దృష్టిలో సీఎస్ఆర్ కాజాలదు.

చట్టం గీసిన ఈ పరిమితి గీతకు కొంచెం ఇవతల ఉన్న కంపెనీ, కొంచెం అవతల ఉన్న కంపెనీ తక్కిన అన్నిటిలో దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. చట్టం మాత్రం ఒకదానికే వర్తిస్తుంది. ఈ తేడాను ఆధారం చేసుకుని, హైదరాబాదులోని ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్‌కు చెందిన హరిఓం మంచిరాజు, శివరామ్ రాజగోపాల్‌తో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఖర్చు తప్పనిసరి అయిన కంపెనీల షేరు ధర 4.1 శాతం తగ్గినట్లు తేలింది. ప్రకటనలపై ఎక్కువ వెచ్చించే కంపెనీలకు మాత్రం ఆ దెబ్బ తగలలేదు. మంచిపేరును అమ్మకాలుగా మార్చుకునే దారి వాటికి ముందే ఉంది. అంటే స్వచ్ఛందంగా చేసిన సంస్థల్లో కనిపించిన లాభాన్ని చూసి, అందరిచేత చేయిస్తే అందరికీ అదే లాభం వస్తుందనుకోవడం తర్కానికి నిలవదు. అంతకుముందే 2 శాతం కంటే ఎక్కువ ఇస్తున్న సంస్థలు చట్టం వచ్చాక తమ వ్యయాన్ని తగ్గించుకున్నాయని ధర్మపాల, ఖన్నాల పరిశోధన చెబుతుంది; కనీసంగా పెట్టిన అంకె కొందరికి గరిష్ఠమైంది.

మొదట్లో ఖర్చు చేయని సంస్థ కారణం చెబితే సరిపోయేది. 2021 జనవరి నుంచి మిగిలిన సొమ్మును నిర్దేశిత నిధికో ప్రత్యేక ఖాతాకో బదిలీ చేయాలి, లేకుంటే జరిమానా కట్టాలి. దీనితో ఎంత ఇచ్చారన్న అంకె సంస్థ స్వభావాన్ని పట్టి చూపే సూచిక స్థానాన్ని చాలావరకు కోల్పోయింది. ఏ పనికి, ఏ ఊళ్లో, ఎన్నేళ్లపాటు ఇచ్చారన్న వివరాల నుంచే ఇకమీది అధ్యయనాలు మొదలు కావలసి ఉంది.