‘ద స్కార్లెట్ లెటర్’లోని కఠిన పదాలు: నేర్చుకునే పద్ధతి

నథానియల్ హాథోర్న్ నవల ‘ద స్కార్లెట్ లెటర్’ 1850లో వెలువడింది. కథాకాలం మాత్రం అంతకు రెండు వందల ఏళ్ల ముందుది. మతం, చట్టం ఒకటిగా కలిసిపోయిన 1640ల నాటి బోస్టన్‌లో, ప్యూరిటన్ల మధ్య ఆ కథ నడుస్తుంది. అందుకే ఇందులోని కఠిన పదాలు రెండు రకాలు. కొన్ని హాథోర్న్ కాలపు గ్రాంథిక ఇంగ్లీషు మాటలు. వాటికి నిఘంటువు చాలు. మిగతావి ఆ పాత ఊరి శిక్షలకు, చర్చికి, వైద్యానికి చెందినవి. ఆ ఊరి కట్టుబాట్లు తెలిస్తే తప్ప అవి పట్టుబడవు.

శిక్షల మాటలు రెండో అధ్యాయంలోనే ఎదురవుతాయి. మూడు నెలల పసిబిడ్డను ఎత్తుకుని కథానాయిక హెస్టర్ ప్రిన్ జైలు గడప దాటుతుంది. ఆమెకు ముందు నడిచేవాడు బీడిల్. నడుముకు కత్తి, చేతిలో అధికార దండం ఉన్న ఊరి ఉద్యోగి అతడు. ఆమెను నిలబెట్టేది స్కాఫోల్డ్ మీద. ఈ మాట వినగానే ఇల్లు కట్టేటప్పుడు వేసే పరంజా గుర్తుకొస్తుంది. ఇక్కడ మాత్రం అది నేరస్థులను జనానికి చూపించే చెక్క వేదిక. దాని మీదే పిల్లరీ ఉంటుంది. మెడను బిగించి, సిగ్గుతో తల దించుకోవడానికి కూడా వీల్లేకుండా చేసే చట్రం అది. హెస్టర్‌కు మెడ బిగించే శిక్ష లేదు, అందరి ముందూ నిలబడటమే శిక్ష. ఇగ్నమినీ అంటే ఏమిటో ఈ దృశ్యమే చెబుతుంది: దెబ్బ పడదు, పరువు పోతుంది. ఆ మాటకు మూలం, పేరు అనే అర్థమున్న లాటిన్ మాట. తెలుగువారి వాడుకలో ఉన్న నామినీ, నామినేషన్‌లు దాని చుట్టాలే.

చర్చి మాటల్లో ఎక్కువగా తికమక పెట్టే జంట పెనెన్స్, పెనిటెన్స్. మొదటిది పైకి చేసే ప్రాయశ్చిత్తం, రెండోది లోపల కలిగే పశ్చాత్తాపం. తన పాపాన్ని దాచుకున్న మతాచార్యుడు డిమ్స్‌డేల్ రహస్యంగా కొరడాతో కొట్టుకుంటాడు, మోకాళ్లు వణికేదాకా ఉపవాసం ఉంటాడు, రాత్రుళ్లు జాగారం చేస్తాడు. ఆ జాగారమే విజిల్, పన్నెండో అధ్యాయం పేరులో ఉన్న మాట. పదిహేడో అధ్యాయంలో, అడవిలో హెస్టర్ ముందు అతడే ఒప్పుకుంటాడు: ప్రాయశ్చిత్తం కావలసినంత జరిగింది, పశ్చాత్తాపం మాత్రం లేదని. ఈ తేడా పట్టుకోని పాఠకుడికి డిమ్స్‌డేల్ పాత్రే అర్థం కాదు.

వైద్యం మాటల్లో ముఖ్యమైనది లీచ్. పాత ఇంగ్లీషులో దానికి వైద్యుడని అర్థం, జలగ అనే అర్థమూ ఉంది. నవలలోని మరో పాత్ర రోజర్ చిల్లింగ్‌వర్త్ వైద్యుడిగా దగ్గరై, డిమ్స్‌డేల్‌ను జలగలా పట్టుకుంటాడు. తొమ్మిది, పది అధ్యాయాల పేర్లలో హాథోర్న్ ఈ మాటే వాడాడు. ఇక్కడ రెండు అర్థాలూ కావాలి.

దీన్నిబట్టి పద్ధతి తేలుతుంది. అధ్యాయాన్ని మొదట ఆగకుండా చదవాలి. తెలియని మాటల కింద గీత గీసి, సందర్భాన్ని బట్టి అర్థం ఊహించాలి. నిఘంటువు ఆ తర్వాతే తెరవాలి. మాటలను అక్షర క్రమంలో కాక శిక్ష, చర్చి, వైద్యం అనే వర్గాలుగా రాసుకుని, ప్రతి మాట పక్కన అది వచ్చిన దృశ్యాన్ని ఒక వాక్యంలో సొంతంగా రాయాలి. స్కాఫోల్డ్ దృశ్యాలు నవల మొదట్లో, నడుమ, చివర మూడుసార్లు వస్తాయి. కాబట్టి ఆ మాటలను మళ్లీ చదివే అవకాశం పుస్తకమే ఇస్తుంది. విద్యార్థులకు అర్థాల పట్టిక రాయించే ఉపాధ్యాయులు ముందు ఆ మూడు దృశ్యాలు చదివించాలి.