ఉపశమనం సాక్ష్యం కాదు

విద్యార్థులైన మీరు పెంటపాడులో పట్టాలు పుచ్చుకునే ఈ రోజున జబ్బు మాట ఎత్తడం ఏమిటని కొందరికి అనిపించవచ్చు. అయినా నేను మూత్రాశయ క్యాన్సర్ గురించే మాట్లాడతాను. రేపటి నుంచి మీ ఇంట్లో ఆస్పత్రి కాగితం చదివి చెప్పాల్సింది మీరే. దేన్ని సాక్ష్యంగా తీసుకోవాలి, దేన్ని తీసుకోకూడదు అనేది ఇన్నేళ్ళ చదువు మీకు నేర్పి ఉండాలి. ఆ విచక్షణ లేకపోతే ప్రాణం మీదికి తెచ్చే జబ్బుల్లో ఇదొకటి. ఇందులో రోగిని మోసం చేసేది నొప్పి కాదు, ఉపశమనం.

ఈ జబ్బు బయటపడే తీరు చూడండి. ఎక్కువమందిలో మొదటి గుర్తు మూత్రంలో రక్తం. నొప్పి ఉండదు. ఒకరోజు ఎర్రగా పడుతుంది, మర్నాటికి మామూలైపోతుంది, మళ్ళీ కొన్ని వారాలో నెలలో ఏమీ ఉండదు. మన ఇళ్ళల్లో దానికి సమాధానం సిద్ధంగానే ఉంటుంది: వేడి చేసింది. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, కొబ్బరి బొండాం తాగుతారు. రెండు రోజుల్లో రక్తం ఆగుతుంది. అది తనంతట తానే ఆగేది. కానీ ఆ ఘనత బార్లీ నీళ్ళకి పోతుంది. ఆడవాళ్ళ విషయంలో ఇంకో చిక్కు ఉంది. రక్తం కనిపిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ అనుకుని మాత్రలు ఇస్తారు, తగ్గినట్టనిపిస్తుంది, మళ్ళీ వస్తే మళ్ళీ అవే మాత్రలు. ఆడవాళ్ళలో ఈ క్యాన్సర్ ఆలస్యంగా బయటపడటానికి ఇదొక ముఖ్య కారణం. దీనికి సిగ్గు కూడా తోడవుతుంది. తండ్రి కొడుక్కి చెప్పుకోడు, అత్తగారు కోడలికి చెప్పుకోదు. రక్తం పడిన ప్రతివారికీ క్యాన్సరేనా అంటే, కాదు. రాళ్ళుండొచ్చు, ఇన్ఫెక్షన్ కావచ్చు, మగవాళ్ళలో ప్రోస్టేట్ గ్రంథి పెరిగి ఉండొచ్చు. కంటికి కనిపించేలా రక్తం పడి యూరాలజిస్టు దాకా వెళ్ళిన పదిమందిలో సుమారుగా ఒకరిద్దరికే క్యాన్సర్ తేలుతుంది. మిగతా ఎనిమిది తొమ్మిది మందికి ఆ పరీక్ష దండగ కాదు, నిశ్చింత. ఊరందరికీ ముందస్తు పరీక్షలు చేయాలని నేననడం లేదు, అందువల్ల మేలు జరుగుతుందని ఇంకా రుజువు కాలేదు. ఒక్కసారైనా రక్తం కనబడినవాళ్ళు, ఆగిపోయినా సరే, వెళ్ళి చూపించుకోవాలంటున్నాను.

పొగ తాగితే ఊపిరితిత్తులు పాడవుతాయి గానీ మూత్రాశయానికేం సంబంధం అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. దీనికి దారి చూపింది 1895లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే శస్త్రచికిత్సకుడు. రంగుల కర్మాగారంలో పనిచేసే కూలీలకి మూత్రాశయంలో గడ్డలు రావడం గమనించి, వాళ్ళు పీలుస్తున్న రసాయనాలను ఆయన అనుమానించాడు. ఆ జాతి రసాయనాలే, అంటే ఆరోమాటిక్ అమీన్లే, పొగాకు పొగలోనూ ఉన్నాయి. ఊపిరితిత్తుల నుంచి రక్తంలో కలుస్తాయి, మూత్రపిండాలు వాటిని వడగడతాయి, మూత్రాశయం గంటల తరబడి వాటిని మోస్తుంది. ఇరవై ముప్ఫై ఏళ్ళ తర్వాత ఫలితం కనిపిస్తుంది. ప్రపంచంలో 2022లో సుమారు 6 లక్షల 14 వేలమందికి ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందని అంచనా. ఆడవాళ్ళకంటే మగవాళ్ళలో మూడింతలకు పైగా ఎక్కువ. దాదాపు సగం కేసులకు పొగాకే కారణమని పరిశోధనలు చెబుతున్నాయి. ఈ మాట మన ప్రాంతంలో చెప్పడం తేలిక కాదు. లంక పొగాకు చుట్ట గోదావరి తీరపు అలవాటు. జంగారెడ్డిగూడెం, కొయ్యలగూడెం వేలం కేంద్రాల మీద ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. రైతును నిందించడం నా ఉద్దేశం కాదు. కొల్లేరు చుట్టూ చేపల చెరువుల్లో వాడే మందులో, కాలవ నీళ్ళో కారణమని గట్టిగా వాదించేవాళ్ళూ ఉన్నారు. నీళ్ళలో ఆర్సెనిక్ ఎక్కువైతే మూత్రాశయ క్యాన్సర్ వస్తుందని తైవాన్, చిలీ అనుభవం రుజువు చేసింది. కాబట్టి మన నీళ్ళు పరీక్షించమని ప్రభుత్వాన్ని అడగడం న్యాయం. కానీ అనుమానం ఎంత బలంగా ఉన్నా రుజువుతో సమానం కాదు. నీళ్ళ మీది అనుమానాన్ని చేతిలోని సిగరెట్టుకి రక్షణగా వాడుకోకూడదు.

ఇక చికిత్స. మూత్రనాళం గుండా సన్నని గొట్టంతో కెమెరా పంపి లోపల చూస్తారు, అదే సిస్టోస్కోపీ. గడ్డ కనిపిస్తే మత్తు ఇచ్చి, అదే దారిన, పైన కోత లేకుండా గీసి తీస్తారు. నూటికి డెబ్భై మందికి పైగా, జబ్బు పట్టుబడేనాటికి అది పైపొరలకే పరిమితమై ఉంటుంది, కండరంలోకి దిగి ఉండదు. రోగి రెండు మూడు రోజుల్లో ఇంటికొస్తాడు. చుట్టాలు వచ్చి చూసి వెళతారు. గండం గడిచిందనుకుంటారు. రెండో మోసం ఇక్కడ మొదలవుతుంది. పైపొర గడ్డల్లో సగానికి పైగా మళ్ళీ మొలుస్తాయి. మూత్రాశయపు లోపలి పొర అంతా ఏళ్ళ తరబడి అదే విషంలో నానింది మరి. వరిచేలో ఒకసారి కలుపు తీసి గట్టెక్కామనుకునే రైతు ఈ డెల్టాలో ఎక్కడా ఉండడు. అందుకే ముప్పు ఎక్కువున్నవారికి మొదటి రెండేళ్ళు మూడు నెలలకోసారి, తర్వాత ఆరు నెలలకోసారి, ఆపైన ఏడాదికోసారి కెమెరా పరీక్ష తప్పదు. ఒంట్లో బాగున్న మనిషిని బస్సెక్కించి ఆ పరీక్షకి తీసుకెళ్ళడమే ఈ జబ్బుతో బతకడంలో కష్టమైన భాగం. బాగుంది కదా, ఇప్పుడెందుకు అంటాడు. ఆ ప్రశ్నకి ఓపిగ్గా జవాబు చెప్పాల్సింది ఇంట్లో చదువుకున్నవాళ్ళు.

ముప్పు ఎక్కువున్న పైపొర గడ్డలకు ఇచ్చే ప్రధాన మందు మీ అందరికీ తెలిసిందే, పుట్టగానే భుజం మీద వేసే బి.సి.జి. టీకా. పశువుల క్షయక్రిమిని కాల్మెట్, గెరాన్ అనే ఇద్దరు ఫ్రెంచి శాస్త్రజ్ఞులు పదమూడేళ్ళపాటు పెంచి నీరసపరిచి తయారుచేశారు. 1921లో మొదటిసారి మనుషులకిచ్చారు. మన దేశంలో 1948 ఆగస్టులో మదనపల్లెలో ఈ టీకా వేయడం మొదలైంది. 1976లో కెనడా వైద్యుడు అల్వారో మొరాలెస్, తొమ్మిదిమంది రోగులకు దీన్ని నేరుగా మూత్రాశయంలోకి ఎక్కించి చూసిన ఫలితాలు ప్రకటించాడు. ప్రాణమున్న క్షయక్రిమిని ఒంట్లోకి ఎక్కించడమా అని ఇంటిల్లిపాదీ హడలిపోతారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. మంట, మాటిమాటికీ మూత్రం, ఒకటి రెండు రోజుల జ్వరం మామూలే. జ్వరం తగ్గకుండా ఉంటే వెంటనే డాక్టరుకి చెప్పాలి. కానీ ఆ నీరసపడిన క్రిమిని చూసి రోగనిరోధక శక్తి మేల్కొని, దానితోపాటు క్యాన్సర్ కణాల మీదా పడుతుంది. వారానికోసారి ఆరు వారాలిచ్చి, తర్వాత ఒకటి నుంచి మూడేళ్ళు విడతలుగా కొనసాగిస్తారు. ఆరు వారాలయ్యాక మంట తగ్గి హాయిగా ఉన్నప్పుడే చాలామంది మానేస్తారు.

కండరంలోకి దిగితే కథ మారుతుంది. ముందు కీమోథెరపీ, ఆపైన మూత్రాశయాన్నే తీసేసే పెద్ద ఆపరేషన్. తగిన కొందరికి గడ్డ గీసి, రేడియేషన్, కీమో కలిపి మూత్రాశయం నిలబెట్టే పద్ధతీ ఉంది. 1985లో వెలువడి, ఈ దశకు చాలాకాలం ప్రామాణికంగా నిలిచిన నాలుగు మందుల కీమోలో మొదటిది మెథోట్రెక్సేట్. ఆ మందు వెనుక అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన బృందం కృషి ఉంది. ఆయన 1895లో పుట్టింది మన పక్కనున్న భీమవరంలో. ఆయన పేరు ఈ జిల్లాలో ప్రతి డిగ్రీ విద్యార్థికీ తెలిసి ఉండాలని నా కోరిక. మూత్రాశయం తీశాక పేగు ముక్కతో దారి చేసి పొట్ట మీద సంచి అమరుస్తారు, 1950లో బ్రికర్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. కొందరికి పేగుతోనే లోపల కొత్త మూత్రాశయం కడతారు. చావనైనా చస్తాను గానీ సంచి వద్దనేవాళ్ళున్నారు. శరీరంలో అంత మార్పు, దాంపత్యంలో వచ్చే ఇబ్బందులు, పెళ్ళిలో పదిమంది మధ్య కూర్చోవాలంటే జంకు, ఇవన్నీ నిజమైన బాధలే. వాటిని దాచిపెట్టి ఒప్పించకూడదు, ముందే చెప్పాలి. అయితే సంచి బట్టల కింద కనపడదు, సరిగ్గా అమరిస్తే వాసన రాదు, దానితో పొలం పనీ ఉద్యోగమూ చేసుకునేవాళ్ళున్నారు. అలాంటి ఒకరితో ఆపరేషన్‌కి ముందే రోగిని మాట్లాడించడం ఏ ఉపన్యాసం కన్నా మేలు. ఇక్కడ తాత్సారం పనికిరాదు. జబ్బు తేలాక ఆపరేషన్ మూడు నెలలు దాటి ఆలస్యమైతే ఫలితాలు దిగజారుతాయని ఎన్నో అధ్యయనాలు చూపాయి.

రాత ఎలా ఉంటే అలా జరుగుతుంది, గొప్పవాళ్ళే పోయారు కదా అని వాదించవచ్చు. అమెరికా ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీకి 1967లో, పదవిలో ఉండగానే, మూత్రంలో రక్తం పడింది. 1978లో ఆయన ఇదే క్యాన్సర్‌తో చనిపోయాడు. 1994లో పరిశోధకులు దాచి ఉంచిన 1967 నాటి నమూనా తీసి చూస్తే, తర్వాతి గడ్డలో ఉన్న జన్యులోపమే అందులోనూ దొరికింది. అంటే తొలి రక్తం నాటికే కబురు అందింది. ఆ జన్యులోపాన్ని చదివే సాధనం అప్పుడు లేదు. ఇప్పుడు మెరుగైన కెమెరా ఉంది, స్కానింగ్ ఉంది, బి.సి.జి. ఉంది. హంఫ్రీ ఉదంతం రాతను కాదు, కాలం విలువను రుజువు చేస్తోంది. ఖర్చు సంగతి అంతకంటే బలమైన అభ్యంతరం. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో క్యాన్సర్ ఆపరేషన్లు, కీమో ఉన్నాయి. కానీ ఈ జబ్బులో ఆపరేషన్ ఒక రోజు పని, కాపలా ఏళ్ళ పని. మూడు నెలలకోసారి పోయే కూలి, తోడు వెళ్ళేవారి దారి ఖర్చు, ఇవి కుటుంబం మీదే పడతాయి. కెమెరా పరీక్షను చికిత్సలో భాగంగానే లెక్కగట్టి, జిల్లా ఆస్పత్రిలోనే జరిగేలా చూడాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

అందుకే మిమ్మల్ని కోరుతున్నాను. ఇంటికి వెళ్ళాక పొగతాగే నాన్నగారినో, తాతగారినో, మామయ్యనో ఒక్క మాట అడగండి: ఎప్పుడైనా ఎర్రగా పడిందా? అమ్మనీ, అమ్మమ్మనీ కూడా అడగండి. పడిందంటే, ఎన్నాళ్ళ క్రితమైనా సరే, వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి. ఇప్పటికే చికిత్స అయినవారుంటే తర్వాతి పరీక్ష తేదీ మీ ఫోన్లో రాసిపెట్టుకోండి. మీలో ఎవరికైనా సిగరెట్ అలవాటుంటే, మానడానికి సాయం చేసే ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356. అది సిగరెట్ పెట్టె మీదే అచ్చేసి ఉంటుంది.